పీట వేసిరి, పిలువ మఱచిరి

వైకల్యము గల బిడ్డల తలిదండ్రులను మన సమాజము ఇంతవఱకు రెండు చూపులతోనే చూచుచు వచ్చినది. ఒకటి జాలి, రెండవది అనుమానము. జాలిపడువారు పండుగనాడు నాలుగు పండ్లు పంచి, ఛాయాచిత్రము తీయించుకొని పోవుదురు. అనుమానించువారు ఏ జన్మమున ఏ పాపము చేసిరో యని చాటున గొణుగుకొందురు. ఈ యిరు తెగలవారిలో ఎవరును ఆ తల్లిని కూర్చుండబెట్టి, 'అమ్మా, మన ఊరి బడి ఎట్లుండవలెనో నీవు చెప్పుము' అని అడిగినవారు కారు. అడుగవలసిన ప్రశ్న అదియే యని మా యభిప్రాయము. ఈ తలిదండ్రులు దయకు పాత్రులు మాత్రమే కారు. తగిన శిక్షణము దొరకినచో ఊరికి, వార్డుకు, జిల్లాకు నాయకత్వము వహింపగలవారు. ఆ శిక్షణము నొసంగుట ప్రభుత్వమునకును ప్రజలకును తక్షణ కర్తవ్యమని విన్నవింప దలచితిమి.

మొదట చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 2009 సంవత్సరపు విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలునకు వచ్చినది. ప్రభుత్వ సహాయము పొందని ప్రైవేటు బడులు తప్ప తక్కిన ప్రతి బడికిని ఒక యాజమాన్య సంఘ ముండవలెనని దాని 21వ విభాగము శాసించినది. ఆ సంఘమున నాలుగింట మూడు వంతులు తలిదండ్రులో సంరక్షకులో కావలెను. సభ్యులలో సగమైనను స్త్రీలు కావలెను. వెనుకబడిన సమూహముల పిల్లల తలిదండ్రులకు వారి సంఖ్యకు తగిన ప్రాతినిధ్య మీయవలెను. 2012లో జరిగిన సవరణ వలన వైకల్యము గల బిడ్డ కూడ ఆ వెనుకబడిన సమూహము అను నిర్వచనమున చేరినది. అనగా, బడిలో అట్టి పిల్లలున్నచోట వారి తలిదండ్రులు సంఘమున కూర్చుండుట యెవరో దయదలచి యిచ్చు వరము గాదు, శాసనము. బడి నడకను కనిపెట్టుట, అభివృద్ధి ప్రణాళిక సిద్ధపఱచుట, వచ్చిన సొమ్ము ఎట్లు ఖర్చయ్యెనో చూచుట ఈ సంఘము పనులు. సహాయక పాఠశాలలలో మాత్రము సంఘమునకు సలహా చెప్పు అధికారమే కలదు.

అంతకు పూర్వమే, 1999లో, ఆటిజము, సెరెబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యము, బహువైకల్యము గలవారి కొఱకు జాతీయ ట్రస్టు చట్టము పుట్టినది. దాని ననుసరించి ఏర్పడు స్థానిక కమిటీలో జిల్లా కలెక్టరు స్థాయికి తగ్గని అధికారి యొకరు, నమోదైన సంస్థ ప్రతినిధి యొకరు, వైకల్యము గల వ్యక్తి యొకరు ఉందురు. తలిదండ్రుల సంఘము కూడ నమోదైన సంస్థ కావచ్చునని ఆ చట్టమే చెప్పుచున్నది. బిడ్డ పెద్దవాడైన పిమ్మట అవసరమున్నచో సంరక్షకుని నియమించు అధికారము ఈ కమిటీదే. మూడు నెలల కొకమాఱైనను అది సమావేశము కావలెను. ఆ తరువాత 2016లో వికలాంగుల హక్కుల చట్టము వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో నున్నది. వైకల్యములను అది 21 విధములుగా గుర్తించినది. బడి పిల్లలలో వైకల్యము గలవారిని గుర్తించుటకై అయిదేండ్ల కొకసారి సర్వే జరుపవలెననియు, నిర్ణీత ప్రమాణమున వైకల్యము గలవారికి 18 ఏండ్ల వఱకు పుస్తకములు, పరికరములు ఉచితముగా నీయవలెననియు, ప్రతి ప్రభుత్వ సంస్థయందును ఫిర్యాదుల పరిష్కారమునకు ఒక అధికారిని నియమింపవలెననియు శాసించినది.

ఇట్లు చట్టము పీట వేసినది, విస్తరి పఱచినది. పిలుచువారు మాత్రము లేరు. పిలిచినను వచ్చి కూర్చుండి అడిగి వడ్డించుకొను ధైర్యమును, తెలివిడిని అతిథికి నేర్పినవారు లేరు. సంఘ సమావేశమునకు తల్లి వచ్చును, గోడ ప్రక్కన నిలుచుండును, పుస్తకము ముందునకు వచ్చినపుడు చూపినచోట సంతకమో వేలిముద్రయో వేయును, ఇంటికి పోవును. ఆ పుటపై ఏమి వ్రాయబడినదో ఆమె యెఱుగదు. కాగితముపై ప్రాతినిధ్యము సంపూర్ణము. బడిలో ఆమె బిడ్డ కూర్చుండు బల్ల మాత్రము మాఱలేదు.

దీని ఫలమెట్లున్నదో అంకెలు చెప్పుచున్నవి. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున వైకల్యము గలవారు 2 కోట్ల 68 లక్షలు. జనాభాలో నూటికి 2.21 మంది. వైకల్యము గల పిల్లలలో అయిదేండ్లవారు నాలుగింట మూడు వంతులును, 5 మొదలు 19 ఏండ్లవారు నాలుగింట ఒక వంతును ఏ విద్యాలయమునకును పోవుట లేదని యునెస్కో సంస్థ 2019లో వెలువరించిన నివేదిక తెల్పినది. ఆ నివేదిక తెల్పిన మన స్థితి యిది. చట్టము లేకపోవుట వలన గలిగిన కీడు గాదిది. చట్టమును చేతబట్టి అడుగువారు లేకపోవుట వలన గలిగిన కీడు.

వకీలు వృత్తిలో నున్నవారి కందఱకు అనుభవమైన సంగతి యొకటి కలదు. ఇట్టి బిడ్డల తలిదండ్రులు వకీలు గుమ్మము త్రొక్కుట సాధారణముగా బహు ఆలస్యముగా జరుగును. అప్పటికి బిడ్డకు ఇరువది యైదో ముప్పదియో వయస్సు. తండ్రికి అఱువది దాటును. చేతిసంచిలో పాత వైద్యుల చీటీలు దొంతరగా నుండును. ఉండవలసిన ధ్రువపత్రము ఉండదు. అడుగు ప్రశ్న ఒక్కటే: 'అయ్యా, మా తదనంతరము వీని గతి యేమి?' ఆస్తి పంపకము, సంరక్షకత్వము, పింఛను, బ్యాంకు ఖాతా అన్నియు ఆ యొక్క ప్రశ్నలో నిమిడియున్నవి. జిల్లాలో స్థానిక కమిటీ యొకటి కలదనియు, దాని కొక దరఖాస్తు పెట్టుకొనవచ్చుననియు, తమవంటి తలిదండ్రులు సంఘముగా చేరినచో అందొక స్థానము పొందవచ్చుననియు వారికి ఇరువదేండ్ల క్రిందటనే చెప్పవలసియుండెను. చెప్పినవారు లేరు.

తలిదండ్రులు నాయకులు కాగలరా యని సందేహించువారికి చరిత్రయే సమాధానము. మన దేశమున ఈ రంగమున ముఖ్యమైన పనులు పెక్కు తల్లుల చేతనే ఆరంభమైనవి. 1944లో బొంబాయి నగరమున జై వకీల్ అను నామె డౌన్ సిండ్రోము గల తన కుమార్తె కొఱకు బడి పెట్టెను. ఆ బడి నేటికిని నడచుచున్నది. 1972లో మిథూ ఆలూర్ అను తల్లి, సెరెబ్రల్ పాల్సీ గల కుమార్తెకు తగిన విద్య దొరకక, అదే నగరమున స్పాస్టిక్స్ సొసైటీని స్థాపించెను. మద్రాసున పూనం నటరాజన్ 1985లో అట్టి కార్యమునే ప్రారంభించి, పిమ్మట జాతీయ ట్రస్టుకే అధ్యక్షురాలయ్యెను. ఢిల్లీలో మేరీ బరువా 1991లో ఆటిజము గలవారి కొఱకు ఉద్యమము లేవదీసెను. జర్మనీ దేశమున మార్బర్గు పట్టణమందు 1958లో టామ్ ముట్టర్స్‌తో కలసి తలిదండ్రులు లేబెన్‌షిల్ఫె అను సంఘమును నెలకొల్పిరి. ఆ పేరు వహించిన సంస్థ మన విశాఖపట్టణమునను గలదు. తమ బిడ్డ కొఱకు మొదలు పెట్టినపని వేలకొలది బిడ్డల కక్కఱకు వచ్చినది.

అయితే ఈ చరిత్రలో ఒక హెచ్చరిక కూడ ఉన్నది. పైన చెప్పిన తల్లులలో పెక్కురు చదువుకొన్నవారు, నగరవాసులు, పదిమందిలో మాట చెల్లుబాటు గలవారు. పల్నాటిలో మిరపతోట కూలికి పోవు తల్లికి, పాలమూరి వలస కుటుంబమున పుట్టిన తండ్రికి ఆ యనుకూలత యెక్కడిది? వారిలో ప్రేమ తక్కువయా, బుద్ధి తక్కువయా? రెండును గాదు. చేయూత తక్కువ. ఊరూర నొక అసాధారణ మాత పుట్టునని కాచుకొని కూర్చుండుట అదృష్టముపై దేశమును నడపుట వంటిది. సాధారణ మాతను సమర్థురాలిని చేయు మార్గమే మార్గము. దానికే శిక్షణమని పేరు.

ఇట్టి శిక్షణము ఊహామాత్రము గాదు. అమెరికా దేశపు అనుభవమును చూడుడు. పెన్సిల్వేనియా రాష్ట్రమున బుద్ధిమాంద్యము గల పిల్లల తలిదండ్రుల సంఘము 1971లో న్యాయస్థానమున కెక్కి, తమ బిడ్డలకు ప్రభుత్వ విద్య పొందు హక్కును సాధించినది. 1975లో దేశమంతటికి చట్టము వచ్చినది. ఒక్కొక్క బిడ్డకు వేయు విద్యా ప్రణాళికలో తలిదండ్రులకు భాగము కల్పింపబడినది. కొన్నాళ్ళకే తెలిసినదేమన, హక్కు నిచ్చినంత మాత్రమున దానిని వాడుకొనుట వచ్చునని గాదు. అందుచే 1983లో ఆ చట్టమును సవరించి, తలిదండ్రులకు శిక్షణము, సమాచారము నొసంగు కేంద్రములకు ప్రభుత్వ ధనము కేటాయించిరి. 1987లో మిన్నెసోటా రాష్ట్రపు మండలి మఱియొక అడుగు ముందుకు వేసినది. చిన్నపిల్లల తలిదండ్రులను, వైకల్యము గల పెద్దలను ఎన్నుకొని, నెల కొక వారాంతమున రెండు దినముల చొప్పున ఎనిమిది మాఱులు కూర్చుండబెట్టి, మొత్తము 128 గంటలు శిక్షణ మిచ్చుట ప్రారంభించినది. ఉద్యమ చరిత్ర, విద్య, ఉద్యోగము, స్వతంత్ర జీవనము, చట్టసభల పని తీరు, శాసనసభ్యుని ఎదుట నిలిచి మాటలాడు విధము - ఇవి యందలి పాఠములు. ప్రయాణము, బస, భోజనము, ఇంటివద్ద బిడ్డను చూచుకొను వారి వేతనము - ఈ ఖర్చులకును సహాయము చేసినది. ఆ పద్ధతి తరువాత అనేక రాష్ట్రములకును, ఇతర దేశములకును ప్రాకినది.

మన యొద్ద శిక్షణము బొత్తిగా లేదని యనము. సికింద్రాబాదు మనోవికాస నగరమున 1984లో వెలసిన జాతీయ సంస్థ ఈ రంగమున దేశమునకే పేరు గన్నది. మండలములందలి భవిత కేంద్రములలో బిడ్డలకు చదువు, వ్యాయామ చికిత్స జరుగుచున్నవి. బిడ్డకు అన్నము తినిపించుట, బట్ట కట్టుట, మాట నేర్పుట తల్లికి చూపుచున్నారు. ఇవి యన్నియు అవసరములే. కాని ఇవి తల్లిని మంచి తల్లిగా మాత్రమే తీర్చును. పౌరురాలిగా తీర్చు పాఠము మిగిలియున్నది. ఇంటిలోపలి పాఠము ఇచ్చి వీథిలోని పాఠమును దాచుట సగము విద్య.

ఆ వీథిపాఠమున ఏముండవలెనో మా కున్న యెఱుకను బట్టి చెప్పెదము. మొదటిది కాగితము. వైకల్య ధ్రువపత్ర మెక్కడ, ఎట్లు పొందవలెను. శిబిరమున తిరస్కరించినచో ఎవరికి విన్నవింపవలెను. జాతీయ ట్రస్టు వారి నిరామయ బీమా క్రింద లక్ష రూపాయలవఱకు వైద్యపు ఖర్చు వచ్చునను సంగతి ఎంతమందికి తెలియును? రెండవది సభ. దీనిని తేలికగా దలపరాదు. సమావేశమునకు ముందు కార్యక్రమ పట్టిక నడుగుట, తీర్మానమును ప్రతిపాదించుట, తన భిన్నాభిప్రాయమును పుస్తకమున వ్రాయించుట, వ్రాసినదానిని చదివించుకొని గాని సంతకము చేయకుండుట, జమాఖర్చులలో ప్రశ్నార్హమైన పద్దును పట్టుకొనుట - ఇవి నేర్చిన తల్లిని ఎవరును గోడప్రక్కన నిలువబెట్టజాలరు. 2005 సంవత్సరపు సమాచారహక్కు చట్టము క్రింద దరఖాస్తు పెట్టినచో సామాన్యముగా 30 దినములలో జవాబు రావలెనని యెఱిగిన తండ్రి కార్యాలయపు మెట్లపై పడిగాపులు గాయడు.

మూడవది బడి. ప్రత్యేకోపాధ్యాయులను గూర్చి సుప్రీము కోర్టు 2021 అక్టోబరులో ప్రాథమిక తరగతులలో వైకల్యము గల పిల్లలు పదిమందికి ఒకరు, పై తరగతులలో పదునైదుమందికి ఒకరు చొప్పున ఉండవలెనని నిర్ణయించినది. ఈ తీర్పు గ్రంథములలో నున్నంత కాలము మూగది. శిక్షణము పొందిన తల్లి సంఘమున లేచి, 'పంతులుగారూ, మన బడిలో ఇట్టి పిల్ల లెందఱు? మన కీయవలసిన ఉపాధ్యాయు లెందఱు? కావలెనని మనము పైకి వ్రాసితిమా? వ్రాయనిచో నేడే తీర్మానింతము' అన్న క్షణమున దానికి నోరు వచ్చును. ఆమె యెవరిని దూషింపలేదు, ఎవరిని యాచింపలేదు, లెక్క యడిగినది. పంతులుగారికి సైతము ఆమె వైరి గాదు. పైవారికి వ్రాయుటకు ఆయన కొక బలము దొరకినది.

నాలుగవది కూడిక. ఇండ్లలో దాచబడిన బిడ్డ లెందఱో కలరు. అక్క పెండ్లి చెడునను భయమున చుట్టములు వచ్చినపుడు తమ్ముని లోపలి గదిలో నుంచు సంసారములు మన పట్టణములలో నేటికిని ఉన్నవి. సర్వేకు వచ్చిన ఉద్యోగికి తెఱువని ఆ తలుపు, అదే కష్టమును మోసిన మఱియొక తల్లి వచ్చి తట్టినచో తెఱచును. ఆ తలుపు తట్టుట నేర్చినవారే నాయకులు. ఆంధ్రదేశపు గ్రామములలో వెలుగు, ఇందిరా క్రాంతి పథము అను పథకముల కాలమున వికలాంగుల సంఘము లేర్పడినవి, మండల సమాఖ్యలైనవి. ఆ అనుభవము మన కున్నది. దానిని తలిదండ్రుల వఱకు విస్తరింపవలెను.

ఇక ఆక్షేపణలు. 'దినమంతయు బిడ్డతో వేగు తల్లికి తీఱిక యెక్కడిది?' అని కొందఱందురు. నిజమే. అందుచేతనే శిక్షణము జరుగు రెండు దినములును బిడ్డను చూచుకొను మనిషి నేర్పాటు చేయవలెను. కూలి పోగొట్టుకొనువారికి కూలి యీయవలెను. ఈ రెండును లేని శిక్షణము తీఱికగలవారి వినోదమగును. 'వీరు తమ బిడ్డ కొఱకే పోరాడుదురు గాని ఊరికొఱ కేమి చేయుదురు?' అని మఱికొందఱందురు. ఒక బిడ్డ చక్రాల కుర్చీ కొఱకు కట్టిన వాలుదారిపై ముసలివారు నడతురు, గర్భిణులు నడతురు, కాలు విఱిగిన పహిల్వాను సైతము నడచును. ఒక బిడ్డకు అర్థమగునట్లు నిదానముగా చెప్పు పాఠము వెనుకబల్ల పిల్లల కందఱకు అర్థమగును. అందఱి కంటె వెనుకనున్నవానికి దారి వేసినచో ముందున్నవానికి నష్టము లేదు.

మూడవ ఆక్షేపణ బరువైనది. వైకల్యము గలవారి తరపున తలిదండ్రులు మాటలాడవచ్చునా? తమ మాట తాము చెప్పుకొందుమని వికలాంగుల ఉద్యమము లోకమంతట ఘోషించుచున్నది. 2006 సంవత్సరపు ఐక్యరాజ్య సమితి ఒడంబడికకు భారతదేశము 2007లో సమ్మతి తెల్పినది. తమకు సంబంధించిన నిర్ణయములలో వైకల్యము గలవారిని, పిల్లలను సైతము, వారి సంస్థల ద్వారా సంప్రదింపవలెనని అందున్నది. ఈ మాట న్యాయమైనది. తల్లి ప్రేమ సైతము ఒక్కొక్కప్పుడు సంకెల యగును. నలువదేండ్ల కుమారుని 'పాపడు' అని పిలుచుచు వాని కోరికను వినకుండుటయు గలదు. అందుచే శిక్షణములో అయిదవ పాఠము, కడపటి పాఠము, బిడ్డ మాట వినుట. మాటలు రానివాడైనచో వాని చూపును, చేతిసైగను, బొమ్మల పలకపై వాడు చూపు బొమ్మను చదువుట. ఎప్పుడు మాటలాడవలెనో నేర్చిన తల్లి, ఎప్పుడు ప్రక్కకు తొలగి బిడ్డకు సభలో చోటీయవలెనో గూడ నేర్వవలెను. తరగతిలో వైకల్యము గల యువతీయువకులను తలిదండ్రుల ప్రక్కనే కూర్చుండబెట్టిన మిన్నెసోటా పద్ధతిలోని వివేక మిదియే.

మా సూచన స్పష్టము. జిల్లాకు ఏటేట ముప్పదిమంది తలిదండ్రులను ఎన్నుకొనవలెను. అందు సగమునకు తక్కువ గాకుండ తల్లులు, సగమునకు తక్కువ గాకుండ గ్రామవాసులు ఉండవలెను. దళిత గిరిజన కుటుంబములకు తగిన చోటుండవలెను. నెలకు రెండు దినముల చొప్పున ఎనిమిది నెలలు శిక్షణము జరుగవలెను. స్థానిక కమిటీ పెద్దయైన కలెక్టరు దీనిని పిలిపింపవలెను. పాఠ్యక్రమమున సికింద్రాబాదు సంస్థ తోడ్పడవలెను. చట్టపు పాఠములు చెప్పుటకు న్యాయవాదుల సంఘములు ముందునకు రావలెను. చోటెక్కడ యందురేమో! 1914లో బెజవాడలో ఆంధ్రదేశపు తొలి గ్రంథాలయ మహాసభ జరిగిననాటి నుండి మన గ్రంథాలయములు పుస్తకములు దాచుటకు మాత్రమే పుట్టలేదు. ప్రజలను మేల్కొల్పుటకు పుట్టినవి. జిల్లా గ్రంథాలయ భవనముల కంటె దీనికి తగిన చోటు వేఱొకటి లేదు. మెట్లున్నచోట వాలుదారి కట్టించుట యా శిక్షణములో మొదటి అభ్యాస పాఠము కావచ్చును.

చదువరులారా, ఈ పని యంతయు ప్రభుత్వము చేయువఱకు కాచియుండ నక్కఱలేదు. మీ వీథిబడి యాజమాన్య సంఘమున వైకల్యము గల బిడ్డల తలిదండ్రు లెవరైన నున్నారా యని ఈ వారమే విచారింపుడు. లేనిచో ఏల లేరని అడుగుడు. ఉన్నచో వారింటికి పోయి, గత సమావేశపు తీర్మానము వారికి తెలియునా యని కనుగొనుడు. తెలియనిచో చదివి వినిపింపుడు. మీలో వకీలు గలడు, ఉపాధ్యాయుడు గలడు, లెక్కలు వ్రాయు గుమాస్తా గలడు. ఒక్కొక్కరు నెల కొక సాయంకాల మిచ్చినచో ఒక తరగతి నడచును.

జాలి యిచ్చినవాని గొప్పను పెంచును; విద్య పుచ్చుకొన్నవాని బలమును పెంచును. ఈ తలిదండ్రులకు మనము చాలకాలము మొదటిదే యిచ్చితిమి. పీటలు వేసి చాల యేండ్లైనది. ఇంక చేయిపట్టి పిలిచి, కూర్చుండబెట్టి, మాటలాడుమని అడుగవలసిన దినము వచ్చినది.